పోర్టిస్‌హెడ్ రెండో ఆల్బమ్: హన్మకొండ శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. నెలకో ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి అక్కడ కూర్చుని ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా వింటాం. వింటున్నంతసేపు మాటలుండవు. ఫోన్లు మెట్ల దగ్గరి గంపలో పెట్టి వస్తారు. అయిపోయాక చాయ్, చాయ్ తర్వాత వాదన. ఈ వానాకాలంలో పోర్టిస్‌హెడ్ రెండో ఆల్బమ్‌ను మూడుసార్లు వినిపించాను. మా గదిలో దేనిమీదా ఇంత వాదన జరగలేదు. అప్పటి నుంచి చౌరస్తాలో ఎదురైనా, పెళ్ళిలో కలిసినా అవే ప్రశ్నలు. వాటన్నిటికీ ఒక్కచోట జవాబు రాయాలనిపించింది. గదిలో వినబడ్డ అభిప్రాయాలను వీలైనంత వాళ్ళ మాటల్లోనే పెట్టాను. పేర్లు మాత్రం రాయలేదు.

ఇంతకీ ఇది ఎవరి ఆల్బమ్? పేరేంది?

బృందం పేరు పోర్టిస్‌హెడ్. ఆల్బమ్ పేరు కూడా అదే. 1997 సెప్టెంబర్ చివర్లో వచ్చింది. 11 పాటలు, దాదాపు 50 నిమిషాలు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నగరానికి దగ్గర్లో, నీటి ఒడ్డున పోర్టిస్‌హెడ్ అనే చిన్న ఊరుంది. బృందంలోని జెఫ్ బారో పెరిగింది అక్కడే. మన దగ్గర ఊరి పేరు ఇంటిపేరైనట్టు, అక్కడ ఊరి పేరు పాటల బృందానికి పేరైంది.

ముఖ్యంగా ముగ్గురు. బారో డ్రమ్ములు, రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ చూసుకుంటాడు, ముక్కలు పేర్చి పాటను కట్టేది అతనే. ఏడ్రియన్ అట్లీ జాజ్ నుంచి వచ్చిన గిటారు వాద్యగాడు. బెత్ గిబ్బన్స్ పాటలు రాసి పాడుతుంది. ఆమె డెవాన్ ప్రాంతంలో వ్యవసాయం చేసే ఇంట్లో పెరిగింది. వీళ్ళతో పాటు సౌండ్ ఇంజినీర్ డేవ్ మెక్‌డొనాల్డ్ పేరు కూడా చెప్పాలి, ఈ ఆల్బమ్ చప్పుడులో అతని చెయ్యి చాలా ఉంది.

వీళ్ళ మొదటి ఆల్బమ్ డమ్మీ 1994లో వచ్చింది. 1995లో దానికి బ్రిటన్‌లో పెద్దదిగా చెప్పుకునే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. కాబట్టి రెండోదాని మీద అందరి కళ్ళూ ఉన్నాయి. బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో అది రెండో స్థానం దాకా వెళ్ళింది.

ఈ పాటలను ట్రిప్-హాప్ అంటారట. అంటే ఏంది?

హిప్-హాప్ డ్రమ్ము దెబ్బను తీసుకుని నెమ్మది చెయ్యండి. దాని కింద జమైకా డబ్ సంగీతంలోంచి వచ్చిన లోతైన బేస్, అంటే అడుగున మోగే కింది స్వరాలు, పెట్టండి. పైన పాత సినిమా సంగీతం నుంచి వయొలిన్లనో, ఒక గిటారు ముక్కనో వేలాడదీయండి. గబగబా మాటలు అప్పజెప్పే రాప్ ఉండాల్సిన చోట ఒక పాడే గొంతును నిలబెట్టండి. స్థూలంగా అదీ.

ఇది బ్రిస్టల్‌లో పుట్టడానికి కారణముంది. ఆ రేవు పట్టణంలో కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి వీధుల్లో, ఇళ్ళల్లో పాటలు వేసే సౌండ్ సిస్టమ్ సంస్కృతిని వాళ్ళే తెచ్చారు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి ఆ స్పీకర్ల ముందు పెరిగారు. ఆ గుంపులోంచే మాసివ్ అటాక్ అనే బృందం వచ్చింది. 1991లో వాళ్ళు బ్లూ లైన్స్ ఆల్బమ్ చేస్తున్నప్పుడు బ్రిస్టల్‌లోని కోచ్ హౌస్ స్టూడియోలో టేపుల పని చూసే కుర్రాడు ఎవరనుకున్నారు? మన జెఫ్ బారోనే.

ట్రిప్-హాప్ అనే మాట 1994లో మిక్స్‌మాగ్ అనే బ్రిటిష్ పత్రికలో వచ్చి వాడుకలో పడింది. ఆ పేరు పెట్టించుకున్నవాళ్ళకే అది నచ్చదు. వేరే మాట లేక నేనూ అదే వాడుతున్నా.

మొదటి ఆల్బమ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే.

డమ్మీలో గుర్తుండిపోయే చప్పుళ్ళు కొన్ని ఇతరుల పాత రికార్డుల నుంచి తెచ్చినవి. సోర్ టైమ్స్ పాటలోని ఆ గూఢచారి సినిమా వాసన సినిమా సంగీతకర్త లాలో షిఫ్రిన్ సంగీతానిది. గ్లోరీ బాక్స్ కింద నడిచే బాణీ అమెరికా గాయకుడు ఐజాక్ హేస్‌ది. ఇలా పాత రికార్డులోంచి ఒక ముక్క కత్తిరించి తిప్పి తిప్పి వాడుకోవడాన్నే శాంపిల్ అంటారు. హిప్-హాప్‌కు అది పునాది, అందులో తప్పేం లేదు.

రెండో ఆల్బమ్‌కు వచ్చేసరికి వీళ్ళు ఆ తలుపు దాదాపుగా మూసేసుకున్నారు. డ్రమ్ములు, గిటారు, తీగవాద్యాలు, ఊదే వాద్యాలు అన్నీ తామే వాయించి, వాయింపించి రికార్డు చేసుకున్నారు. దాన్ని నల్లటి వైనిల్ రికార్డు మీదికి ఎక్కించారు. ఆ రికార్డును టర్న్‌టేబుల్ మీద పెట్టి, చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి స్క్రాచ్ చేసి, ముక్కలు కోసి, ఎవరో పాతకాలపు వాళ్ళ రికార్డులోంచి తెచ్చుకున్నట్టే పాటలో కూర్చారు. మొదటి ఆల్బమ్‌లోనే ఈ పద్ధతి కొంత మొదలైంది. రికార్డు కొత్తగా మెరుస్తుంటే స్టూడియో నేలమీద పడేసి దానిమీద నడిచేవాళ్ళు, గీతలు పడాలని. రెండోదాంట్లో మొత్తం ఆ పద్ధతే నడిచింది.

మా గదిలో ఈ సంగతి చెప్పినప్పుడు కొత్తవాడ నుంచి వచ్చే చెల్లె ఒక మాట అన్నది. వాళ్ళది తరతరాలుగా దరీలు నేసే ఇల్లు. "అక్కా, మొదటిది బజార్ల నూలు కొనుక్కొచ్చి నేసిన్రు. రెండోదానికి నూలు సుత వాళ్ళే వడుక్కున్నరు. అందుకే గరుకున్నది." నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఆల్బమ్ వింటున్నా. ఇంత సరిగ్గా చెప్పిన మాట నాకు దొరకలేదు. మిల్లు నూలు ఒకే మందంలో వస్తుంది, చేతి నూలులో ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఈ ఆల్బమ్ తడిమితే చేతికి తగిలేది ఆ లావూ సన్నమే.

ఎందుకింత కష్టం అంటారా? డమ్మీ తర్వాత ఆ పద్ధతిని అందరూ పట్టుకున్నారు. నెమ్మది డ్రమ్ము, కాస్త గరగర, ఒక ఆడగొంతు, అంతే, పాట తయారు. కాఫీ తాగేచోట వెనకాల మెల్లగా మోగే సరుకైపోయింది. తాము కనిపెట్టిన చప్పుడు తమకే పాతబడింది. నాకైతే ఈ ఆల్బమ్ ప్రతి పాటలోనూ వెనకాల మోగడానికి ఒప్పుకోం అనే మొండితనం వినిపిస్తుంది.

అప్పు తెచ్చిన ముక్కలు అసలే లేవని కాదు. ఓన్లీ యు పాటలో ఫార్‌సైడ్ అనే అమెరికా హిప్-హాప్ బృందం ముక్క ఒకటి ఉంది. అలాంటివి ఇందులో చాలా తక్కువ.

పాట నడుస్తుంటే చిటపట చప్పుడు వస్తోంది. నా స్పీకర్ పాడైందా?

లేదు. అది ఆల్బమ్‌లోనే ఉంది. పైన చెప్పిన రికార్డుల గీతలే అవి.

విన్నవాళ్ళు అసలు ఏమన్నారు?

మొదటిసారి విన్నప్పుడు గది రెండుగా చీలింది. డమ్మీ ముందే తెలిసినవాళ్ళు నిరాశపడ్డారు. ఏమీ తెలియకుండా వచ్చినవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నాకు ఇది ఆశ్చర్యమే, ఎందుకంటే తెలిసినవాళ్ళే ఎక్కువ ఇష్టపడతారని అనుకున్నా.

నిట్‌లో చదివే తమ్ముడొకడు హాస్టల్లో డమ్మీని అరగదీసినవాడు. అతను సూటిగా చెప్పాడు: "అక్కా, డమ్మీ విన్నంక రెండు రోజులు ఏదో ఒక పాట నోట్లె ఆడుతది. ఇందుల ఒక్కటి సుత నా ఎంబడి మెట్లు దిగలే." ఈ మాటలో నిజముంది. పాడుకుంటూ పోయే పల్లవులు ఇందులో తక్కువ. ఓవర్, ఓన్లీ యు, ఆల్ మైన్ తప్ప మిగతావి నోటికి అంత త్వరగా రావు. రెండోసారి, అంటే డమ్మీ వినిపించిన మరుసటి నెలే దీన్ని మళ్ళీ వినిపించినప్పుడు, అదే తమ్ముడు హమ్మింగ్ పాట ఇంకోసారి వెయ్యమన్నాడు. అభిప్రాయం మార్చుకున్నానని మాత్రం అతను అనలేదు. నేనూ అడగలేదు.

కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా బావకు పాటలంటే పెద్ద పట్టింపు లేదు. చాయ్ కోసం వస్తానంటాడు. హాఫ్ డే క్లోజింగ్ వచ్చినప్పుడు మాత్రం వంగి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ బేసు దిగుడు చూసినవా, రాత్రిపూట గూడ్సు బండి బ్రేకు పడి, ఒక్కో డబ్బా ఒక్కో డబ్బాను గుద్దుకుంట ఆగినట్టు." ఆ పాట బేస్ నిజంగానే అట్లా మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. ఇప్పుడు ఆ పాట విన్న ప్రతిసారీ నాకు కాజీపేట యార్డు కనబడుతుంది.

రిటైరైన లెక్కల లెక్చరర్ గారొకరు మాకు పెద్దదిక్కు. ఆయన తీర్పు: "ఎనిమిది పాటలు చాలమ్మా. మిగతా మూడు చెప్పిందే చెప్పినయి." ఏ మూడు అని అడిగితే సెవెన్ మంత్స్, ఎలీజియం వెంటనే చెప్పారు, మూడోది ఆలోచించి అన్‌డినైడ్ అన్నారు. మొదటిదాంతో నాకు పేచీ లేదు. సెవెన్ మంత్స్ దగ్గరికి వచ్చేసరికి నాక్కూడా కాస్త బరువనిపిస్తుంది. అన్‌డినైడ్ మీద మాత్రం ఆయనతో ఇంకా వాదిస్తూనే ఉన్నా. ఆల్ మైన్ అరుపు తర్వాత ఆ పాట అంత మెల్లగా, కీబోర్డు రెండు మూడు చుక్కలతో మొదలుకాకపోతే హాఫ్ డే క్లోజింగ్ దాకా చెవి బతకదు.

ఒక చెల్లె మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఆ ఏడే వాళ్ళ నాన్న పోయాడు. మెట్ల మీద కూర్చుని, "బాగలేదని కాదక్కా, ఇప్పుడు వద్దు" అన్నది. ఆమె మాటను కూడా నేను ఒక అభిప్రాయంగానే రాస్తున్నా. ఈ ఆల్బమ్ ఎవరికైనా వినిపించేముందు వాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో అడగండి. ఆ రోజు నేను అడగలేదు. ఆ తప్పు నాది.

ఆ గొంతు ఎందుకట్ల ఉంటది? ఆమె పాడుతుందా, ఏడుస్తుందా?

కింద గదిలో మా అత్తమ్మ ఉంటుంది. మొదటిసారి పాట పైనుంచి వినబడగానే, "ఎవలన్న సచ్చిపోయిన్రా ఏంది?" అని మెట్ల దాకా వచ్చింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, వచ్చి కూర్చుంది. రెండు పాటలు విని, "ఈమె రాగాలు తీసి ఏడుస్తున్నది. మంచిగ ఏడుస్తున్నది" అన్నది.

మన ఊళ్ళల్లో చావు ఇంట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్వడం చూసినవాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది. అది ఒట్టి ఏడుపు కాదు. పోయిన మనిషి గురించి మాటలు కట్టి, ఊపిరి తెగేచోట ఆపి, మళ్ళీ ఎత్తుకుంటారు. గొంతు బొంగురుపోతే దాన్ని దాచరు, ఆ బొంగురే రాగంలో భాగం. బెత్ గిబ్బన్స్ అట్లాంటి చోటు నుంచి వచ్చిందని నేను చెప్పడం లేదు. ఆమె ఊరు వేరు, పాట వేరు. కానీ గొంతు చెడితే చెడనీ అనే ధైర్యం ఉందే, దాన్ని అత్తమ్మ చెవి వెంటనే పట్టుకుంది.

డమ్మీలో ఆమె గొంతు ఎక్కువగా మెత్తగా, దగ్గరగా ఉంటుంది. ఇందులో ఒక్కో పాటకు ఒక్కో మనిషి పాడినట్టుంటుంది. కౌబాయ్స్‌లో ముక్కుతో, పళ్ళ మధ్య నుంచి వచ్చే కరుకు గొంతు. ఆల్ మైన్‌లో ఇత్తడి బాకాల ఎదుట నిలబడి గుండెలోంచి ఎత్తి పాడే గొంతు. వెస్టర్న్ ఐస్‌లో పియానో పక్కన అలసిపోయి మాట్లాడుతున్నట్టు.

ఇక హాఫ్ డే క్లోజింగ్ చివర్లో ఆ గొంతును లెస్లీ స్పీకర్ గుండా పంపారు. అది మామూలుగా ఆర్గన్ వాద్యానికి వాడే పెట్టె. లోపల బాకా గుండ్రంగా తిరుగుతుంటుంది, అందుకని చప్పుడు దగ్గరికొచ్చి దూరం పోతున్నట్టు వణుకుతుంది. రంగులరాట్నం మీద కూర్చుని ఎవరో అరుస్తుంటే కింద నిలబడి విన్నట్టు. మూడోసారి హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు ఇద్దరు ఆ చోట హెడ్‌ఫోన్లు తీసేశారు.

కొన్ని పాటల్లో గొంతులోంచి లోతునూ సన్నదనాన్నీ కోసేసి, నడిమి భాగమే ఉంచారు. జాతరలో చెట్టుకు కట్టిన మైకు బాకాలోంచి వచ్చే గొంతు గుర్తు తెచ్చుకోండి. ఆ చిన్న బాకా కింది స్వరాలను మొయ్యలేదు, అందుకే మనిషి ఎక్కడో దూరాన ఉన్నట్టూ ఉంటుంది, మాట మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది. ఐనవోలు మల్లన్న జాతరలో అర్ధరాత్రి అట్లా దూరం నుంచి ఒగ్గు కథ విన్న నా చెవికి ఎలీజియం పాట మొదటిసారి కొత్తగా అనిపించలేదు.

అయితే మన ఒగ్గు కథకూ దీనికీ పోలిక ఉందంటారా?

లేదు. మైకు బాకా చప్పుడు గురించే చెప్పాను. ఒగ్గు కథ దేవుడి కథ, డోలు, తాళాలు, ఎదుట జనం, అడిగే వంత, జవాబు. ఇది నలుగురు తలుపేసుకుని నెలల తరబడి కూర్చి, కోసి, మళ్ళీ కూర్చిన పని. రెండింటినీ ఒక గాటన కడితే రెండింటికీ అన్యాయం.

ఇంగ్లీషు అంతగా రాదు. పాట అర్థం కాకపోతే ఎట్ల?

వచ్చినవాళ్ళకు కూడా మొదట సగమే అర్థమవుతుంది. ఆమె మాటలను మింగుతుంది, సాగదీస్తుంది. ముందు గొంతుతో పోనివ్వండి. తర్వాత కావాలంటే ఈ నాలుగు ముక్కలు పట్టుకోండి. కౌబాయ్స్ అబద్ధాలతో అధికారం చేసేవాళ్ళ మీద కోపం. ఆల్ మైన్ మీద మా గదిలో వాదన ఎక్కువ. ప్రేమ పాట అని కొందరు, కాదు, మనిషిని కట్టేసుకునే భయం అని కొందరు. నేను రెండో పక్షం. ఓవర్ తెగిపోయిన బంధం పాట.

హాఫ్ డే క్లోజింగ్ పేరు చాలామంది అడుగుతారు. బ్రిటన్ ఊళ్ళల్లో వారంలో ఒక పనిరోజు మధ్యాహ్నం నుంచి దుకాణాలు మూసేసే ఆనవాయితీ ఒకప్పుడు ఉండేది, దాని పేరది. సగం రోజుకే షట్టర్లు దించిన బజారును ఊహించుకుని వినండి. అట్లాగే మోర్నింగ్ ఎయిర్ పేరు విని పొద్దుటి గాలి అనుకోవద్దు. అక్కడ మాట శోకం. ఉచ్చారణ ఒకటే కావడంతో మా గదిలో సగం మంది మోసపోయారు.

అన్ని పాటలూ ఒక్కలాగే ఉన్నాయి. నాకే అట్ల అనిపిస్తోందా?

చాలామందికి అనిపిస్తుంది. వేగం అన్నిట్లో దగ్గర దగ్గరగా ఉంటుంది, రంగు కూడా. దీన్ని లోపం అన్నవాళ్ళను నేను తప్పుపట్టను. నా అనుభవంలో రెండు పాటల మొదళ్ళు పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది. ఓవర్ ఒంటరి గిటారు తీగలతో మొదలవుతుంది, గది అంతా ఖాళీగా ఉన్నట్టు. దాని వెంటనే వచ్చే హమ్మింగ్ పాత సినిమా తెర లేస్తున్నట్టు తీగవాద్యాలతో లేస్తుంది. పైన ఒక సన్నని కూత వంటి చప్పుడు, గాలిలో చేతులాడించి వాయించే థెరెమిన్‌ను తలపిస్తుంది. డ్రమ్ము రావడానికి నిమిషం దాకా ఆగాలి. ఆ నిమిషం ఆగలేక ముందుకు జరిపేవాళ్ళకే ఈ పాట చప్పగా అనిపిస్తుంది.

మొదటిసారి మా గదిలో సరిగ్గా ఆ డ్రమ్ము పడేచోట కరెంటు పోయింది. ఎవరూ మాట్లాడలేదు. కరెంటు వచ్చేదాకా చీకట్లో అట్లాగే కూర్చున్నాం. వచ్చాక ఆ పాటనే మొదటి నుంచి వేశాను.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఒక్క పాటే వినగలిగితే ఓవర్. రెండు వినగలిగితే దాని తర్వాత ఆల్ మైన్. కౌబాయ్స్ ఆల్బమ్‌లో మొదటి పాట కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెట్టి, ఆ కరుకు గొంతుకు జడిసి వెళ్ళిపోతారు. దాన్ని మొదట పెట్టడంలో వాళ్ళ ఉద్దేశం అదే అయ్యుంటుందని నా నమ్మకం. డమ్మీ మళ్ళీ కావాలని వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే సంగతి చెప్పేశారు.

డమ్మీ ముందు వినాలా అంటే, అక్కర్లేదు. మా గదిలో జరిగింది చూస్తే దీన్ని ముందు విన్నవాళ్ళే దీన్ని ఎక్కువ ఇష్టపడ్డారు.

ఫోన్‌లో వింటే సరిపోదా?

ఫోన్ స్పీకర్‌లో వద్దు. అంత చిన్న స్పీకర్ కింది బేస్‌ను మొయ్యలేదు. ఈ ఆల్బమ్‌లో బేస్ తీసేస్తే గోడలు లేని ఇల్లు. ఇయర్‌ఫోన్లు మామూలువైనా పరవాలేదు. ఇంట్లో ఉన్న పాత మ్యూజిక్ సిస్టమ్‌కు ఒక వైరు తగిలిస్తే ఇంకా మంచిది. భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తూ వింటానని ఒక తమ్ముడు అన్నాడు. పొద్దుగూకాక, జనం పలచబడ్డాక అయితే సరే. ట్రాఫిక్‌లో బండి మీద మాత్రం ఎవరూ వినకండి, ఇది ప్రాణం సంగతి.

చిన్నపిల్లల ముందు పెట్టవచ్చా?

బూతు భయం లేదు. కానీ మా అక్క కొడుకు, ఆరేళ్ళవాడు, ఆల్ మైన్ బాకాలకు ఎగిరి గంతేసి, హాఫ్ డే క్లోజింగ్ చివర అరుపుకు నా ఒళ్ళో ముఖం దాచుకున్నాడు. మీ పిల్లలు మీకు తెలుసు.

న్యూయార్క్ కచేరీ గురించి విన్నాం. అది ఇదేనా?

వేరు, కానీ చుట్టమే. 1997 జూలై 24న, అంటే ఈ ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, న్యూయార్క్‌లోని రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. మరుసటి ఏడు అది కచేరీ ఆల్బమ్‌గా, వీడియోగా వచ్చింది. మా గదిలో నిరాశపడ్డవాళ్ళకు నేనిచ్చే మందు ఇదే. కెమెరా ముందు బెత్ గిబ్బన్స్ మైకు స్టాండును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని పాడుతుంది. తీగవాద్యాలు వాయించేవాళ్ళు ఎదురుగా కనబడతారు, టర్న్‌టేబుల్ దగ్గర బారో చేతులు కనబడతాయి. ఆల్బమ్‌లో దయ్యాల్లా తోచిన చప్పుళ్ళకు అక్కడ మనుషులుంటారు. లెక్చరర్ గారు అది చూశాక ఎలీజియం పేరును తన జాబితాలోంచి కొట్టేశారు.

ఆ తర్వాత వీళ్ళు ఏం చేశారు?

మూడో ఆల్బమ్ 2008లో వచ్చింది, పేరు థర్డ్. మధ్యలో బెత్ గిబ్బన్స్ 2002లో రస్టిన్ మాన్ అనే సంగీతకారుడితో కలిసి అవుట్ ఆఫ్ సీజన్ ఆల్బమ్ చేసింది. 2024లో తన సొంత పేరు మీద లైవ్స్ అవుట్‌గ్రోన్ తెచ్చింది. ఈ రెండో ఆల్బమ్ గరుకుదనం నచ్చినవాళ్ళు నేరుగా థర్డ్‌కు వెళ్ళండి, గొంతు నచ్చినవాళ్ళు అవుట్ ఆఫ్ సీజన్‌కు. బ్రిస్టల్ వాసన కావాలంటే మాసివ్ అటాక్ 1998లో చేసిన మెజనైన్ ఉంది, అది కూడా రాత్రి ఆల్బమే.

చివరి పాట చివర్లో ఎవరో పాతకాలపు మగమనిషి పాడుతున్నాడు. ఎవరతను?

వెస్టర్న్ ఐస్ పాటది ఈ ప్రశ్న. పియానో, తీగవాద్యాలు మెల్లగా సర్దుకుంటుండగా, ఎక్కడో మూసిన తలుపు వెనక రేడియో మోగినట్టు ఒక మగగొంతు వినబడుతుంది. అరవై డెబ్బై ఏళ్ళ కిందటి నైట్‌క్లబ్ పాటలా ఉంటుంది. ఆల్బమ్ అట్ట మీద దానికి షాన్ అట్కిన్స్ ఎక్స్‌పీరియన్స్ అనే పేరు, పాట పేరుతో సహా ఉంటుంది. మా తమ్ముడు ఆ అసలు రికార్డు కోసం వారం రోజులు వెతికాడు. దొరకలేదు, దొరకదు కూడా. అట్లాంటి పాత రికార్డు లేనేలేదు. ఆ పాటను కూడా వీళ్ళే పాతదానిలా కట్టి, పాతదానిలా మోగించి పెట్టారు.

ఈ సంగతి చెప్పినప్పుడు కొత్తవాడ చెల్లె ఏమీ అనలేదు. ఆ చివరి అరనిమిషం మళ్ళీ వెయ్యమంది. నాలుగుసార్లు వేశాను. నాలుగోసారి కింద నుంచి అత్తమ్మ అడిగింది, "ఆ ముసలాయన ఎవలే, మంచిగ పాడుతుండు" అని.